కత్తికి ముందు మందు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారిపై చౌటుప్పల్ దాటి చిట్యాల చేరువరకు ఇరుప్రక్కల కనిపించు దృశ్యము గత ముప్పది ఏండ్లలో చాలవరకు మారిపోయినది. ఒకప్పుడు ఆముదము, జొన్న, కంది పండిన చల్కనేలలందు నేడు ప్రహరీగోడలు, ఉక్కుతొట్లు, పొగగొట్టములు నిలిచియున్నవి. 1995లో చౌటుప్పల్ వద్ద లింగోజిగూడెమునందు దివీస్ సంస్థ తన మొదటి కర్మాగారమును నెలకొల్పినది. మందులకు కావలసిన ముడిసరుకును తయారుచేయు కర్మాగారములు పిమ్మట చిట్యాల మండలమువరకును వ్యాపించినవి. వాటి గాలినిగూర్చియు, వాటివలన చెరువులకును బావులకును కలిగిన బాధనుగూర్చియు ఇచటి గ్రామములవారు చెప్పుకొను మాటలు కలవు. అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము. ఇచట మేము చెప్పదలచినది ఒక్కటే. ఈ ప్రాంతమువారికి మందు అనునది చీటీ చూపి దుకాణములో కొనునది మాత్రమే కాదు. ఇంటివారు మూడు షిఫ్టులలో పనికి పోయి చేసి వచ్చునది కూడ. అట్టివారికి ఒక మందు ఎట్లు పుట్టినదో, ఎట్లు పరీక్షింపబడుచున్నదో తెలిసికొనవలెనను కుతూహలము సహజముగా ఉండును.

నేటి విషయము ఊపిరితిత్తుల కాన్సరు. మన పెద్దలు రాచపుండు అని పిలిచిన జాతిలో ఇది మిక్కిలి క్రూరమైనది. ఏలయన, ఇది నొప్పి లేకుండ పెరుగును. దగ్గు, ఆయాసము, కఫములో నెత్తురు జీర కనిపించునప్పటికి అధికసంఖ్యాకులలో ముదిరిపోయి ఉండును. ఏ కొలదిమందియందో అది తొలిదశలోనే దొరకును. అట్టివారి విషయములో ఇటీవల వైద్యులు ఒక ప్రశ్న వేసికొనిరి. ముందు కత్తియా, ముందు మందా? చూచుటకు చిన్న ప్రశ్న. దీనికి సమాధానము వెదకుటలో తొంబది ఏండ్ల చరిత్ర ఇమిడియున్నది. అందు ఒక భాగము మన భీమవరమువాని చేతిమీదుగా నడచినది.

మొదట కత్తి కథ. 1933వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున, బార్న్స్ ఆసుపత్రిలో, ఎవార్ట్స్ గ్రేహమ్ అను శస్త్రవైద్యుడు ఒక రోగి ఎడమ ఊపిరితిత్తిని ఒకే పర్యాయమున సమూలముగా తీసివేసెను. రోగి పేరు జేమ్స్ గిల్మోర్. అతడును వైద్యుడే, పిట్స్‌బర్గులో కాన్పులు చేయువాడు. అంతకుముందు కాన్సరు కొరకై ఇట్టి సాహసము చేయబడిన రోగులు దక్కలేదు. గిల్మోర్ దక్కెను. దక్కుటయే కాదు, తిరిగి తన వృత్తి చేసికొనుచు మరి ముప్పది ఏండ్లు జీవించెను.

గ్రేహమ్ కథ వేరు. అతడు చిరకాలము పొగత్రాగినవాడు. పొగాకునకును ఈ వ్యాధికిని సంబంధము కలదన్న మాటను మొదట అతడు నమ్మలేదు. శిష్యుడైన ఎర్న్‌స్ట్ వైండర్ పట్టుపట్టగా ఇద్దరును కలిసి 684మంది రోగుల వృత్తాంతములను సేకరించి 1950లో ప్రకటించిరి. ఆ లెక్క చూచిన పిమ్మట సంశయమునకు తావు లేకపోయినది. అదే సంవత్సరమున ఇంగ్లండునందు డాల్, హిల్ అను ఇరువురును వేరుగా పరిశోధించి అదే మాట చెప్పిరి. గ్రేహమ్ సిగరెట్టు మానెను, కాని కాలము మించిపోయినది. 1957లో అతడు ఊపిరితిత్తుల కాన్సరుతోనే మరణించెను. వ్యాధి రెండు ప్రక్కలను వ్యాపించియుండుటచే అతడు ప్రపంచమునకు నేర్పిన శస్త్రచికిత్స అతనికే అక్కరకు రాలేదు. గిల్మోర్ తన ప్రాణదాతకంటె ఆరేండ్లు ఎక్కువ బ్రతికెను.

ఈ ఇద్దరి కథలోనే కత్తి శక్తియు, దాని హద్దును కనిపించుచున్నవి. వ్యాధి ఒకచోట ఉన్నంతవరకు కత్తికి మించినది లేదు. కాని శస్త్రవైద్యుడు తీయగలిగినది కంటికి కనిపించు గడ్డనే. అంతకుముందే నెత్తురులోనికి జారి, ఎముకలోనో మెదడులోనో మాటువేసియున్న కణములు అతనికి చిక్కవు. తొలిదశలో దొరికి, చక్కగా శస్త్రచికిత్స జరిగి, ఇంటికి పోయి పనిపాటలు చేసికొనుచున్నవారిలో కూడ ఎందరికో రెండు మూడేండ్లలో వ్యాధి తిరుగబెట్టుటకు కారణమిదియే. చేనులో తుంగ పీకినవారికి ఇది తెలిసినదే: పైకి కనిపించినదంతయు పీకినను నేలలో గడ్డ మిగిలియుండును.

ఇక మందు కథ. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారినిగూర్చి పెక్కు సందర్భములందు చెప్పుకొని యుందుము. కాని ఊపిరితిత్తుల కాన్సరు విషయములో వారి పేరు వినిపించుట అరుదు. వినిపింపవలసిన పేరే. బొంబాయి మిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీలకు వచ్చు రక్తహీనత ఈస్టు సారముతో కుదురుచున్నదని లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1931లో ప్రకటించినది. అందలి గుణకారి పదార్థమే ఫోలిక్ ఆమ్లము. 1940లో లెడర్లే ప్రయోగశాలలకు వెళ్ళిన సుబ్బారావుగారి నాయకత్వమున అచటి రసాయనవేత్తలు 1945నాటికి ఆ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయగలిగిరి. ఒక పదార్థమును చేయనేర్చినవాడు దానిని కొంచెము మార్చి, దానివలెనే కనిపించుచు దాని పని చేయని నకిలీని కూడ చేయగలడు. కణము అసలును గ్రహింపబోయి నకిలీని గ్రహించును. లోపల పని నిలిచిపోవును. కణము చీలి రెండు కాలేదు.

బోస్టనులో పిల్లల వ్యాధులను పరిశోధించుచున్న సిడ్నీ ఫార్బర్‌కు ఈ నకిలీలు అందినవి. తెల్లకణములు పెచ్చుపెరుగు రక్తపు కాన్సరుతో చనిపోవుటకు సిద్ధముగా ఉన్న 16మంది పిల్లలకు అతడు అమినోప్టెరిన్ అను మందునిచ్చెను. 10మందికి వ్యాధి కొంతకాలము వెనుకంజ వేసినది. ఆ వార్త 1948 జూనులో అచ్చయినది. ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి. వారి వయస్సు అప్పటికి 53 ఏండ్లు.

ఈ వంశములోనిదే పెమెట్రెక్సెడ్ అను మందు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్వర్డ్ టేలర్ దీనికి మూలపురుషుడు. సీతాకోకచిలుక రెక్కలకు రంగునిచ్చు పదార్థములో ఉండు అణునిర్మాణమే కాలేయమునుండి తీసిన ఫోలిక్ ఆమ్లములోను ఉన్నదని విద్యార్థిదశలో చదివి ఆయన ఆశ్చర్యపడెనట. ఆ ఆశ్చర్యమును నలువది ఏండ్లకు పైగా విడువక వెంటనంటిపోయి ఈ మందును సాధించెను. 2004లో దీనికి అమెరికాలో అనుమతి లభించినది. నేడు ఊపిరితిత్తుల కాన్సరు చికిత్సలో ఇది నిత్యము వాడబడుచున్నది. సీతాకోకచిలుకనుండి మందు వచ్చినదన్నచో కొందరు నవ్వవచ్చును. ప్రకృతి అంగడిలో ఒకే సరుకు పలు దుకాణములలో దొరకును.

ఇవన్నియు గొప్ప మందులే. కాని వీటికి ఒక లోపము కలదు. ఇవి చీలుచున్న ప్రతి కణమును కొట్టును. కాన్సరు కణమేదో, వెంట్రుక మొదటి కణమేదో, ప్రేవు లోపలి పొరలోని కణమేదో గుర్తింపలేవు. రోగికి జుట్టు రాలుట, వాంతులు, నెత్తురు తగ్గుట మొదలగు బాధలు కలుగుట ఇందువలననే.

ఈ మందులను శస్త్రచికిత్సకు తరువాత కాక ముందే ఇచ్చి చూచినచో ఎట్లుండునన్న తలంపు మొదట రొమ్ము కాన్సరు వైద్యులది. 1988నుండి 1993వరకు అమెరికాలో 1,523మంది స్త్రీలపై ఒక పెద్ద పరీక్ష జరిగినది. సగముమందికి ముందు మందు, తరువాత కత్తి. తక్కినవారికి ముందు కత్తి, తరువాత అదే మందు. ఫలితము విచిత్రముగా ఉన్నది. ముందు మందు ఇచ్చుటచే గడ్డలు చిన్నవై, రొమ్ము మొత్తము తీయవలసిన అగత్యము కొందరికి తప్పినది. కాని ప్రాణములు నిలుచు విషయములో రెండు వర్గములకును భేదము లేదు. అనగా వరుస మార్చినంతమాత్రమున ఆయువు పెరుగదు. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. దీని అవసరము మరల వచ్చును.

ఊపిరితిత్తుల విషయములో 1994లో స్పెయిను దేశమునుండి ఒకటి, అమెరికానుండి ఒకటి, రెండు చిన్న పరీక్షలు వెలువడినవి. ఒక్కొక్కదానిలో 60మంది రోగులు. శస్త్రచికిత్స మాత్రమే పొందినవారికంటె ముందు మందు తీసికొనినవారు ఎక్కువకాలము బ్రతికిరని అవి చెప్పినవి. చిన్న లెక్కలు పెద్ద ఆశలు పుట్టించుట వైద్యచరిత్రలో సాధారణమే. తరువాత జరిగిన పరీక్షలన్నిటిని ప్రోగుచేసి 2,385మంది వివరములతో 2014లో కూడికలు వేయగా, అయిదేండ్లు బ్రతుకువారు నూటికి 40నుండి 45కు పెరిగిరని తేలినది. నూరుమందిలో అయిదుగురు! ఆ అయిదు కుటుంబములకు అది సర్వస్వమే. తక్కిన తొంబదియైదుగురి విషయమో?

ఇచట కథ మలుపు తిరుగుచున్నది. స్టాన్లీ కోహెన్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకల లాలాజల గ్రంథులనుండి తీసిన సారమును అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించి చూచెను. వాటి కనురెప్పలు కాలముకంటె ముందే విచ్చుకొన్నవి. పండ్లు ముందే మొలిచినవి. ఆ సారములో చర్మకణములను పెరుగుమని ఆజ్ఞాపించు పదార్థము కలదని అతడు కనిపెట్టి 1986లో నోబెలు బహుమానము నందెను. ఆ ఆజ్ఞను అందుకొనుటకు కణము గోడపై ఒక గ్రాహకము కలదు; వైద్యులు దానిని ఈ.జి.ఎఫ్.ఆర్. అందురు. ఇంటి తలుపునకుండు గంటవంటిది. బయట ఎవరో నొక్కినప్పుడు మాత్రమే మ్రోగవలెను. కొందరి కాన్సరులో ఆ గంట తీగ చెడి, ఎవరును నొక్కకుండగనే రేయింబవళ్ళు మ్రోగుచుండును. కణము ఆగకుండ పెరుగుచుండును. ఆ తీగను మాత్రమే నొక్కిపట్టు మాత్రగా గెఫిటినిబ్ 2002లో జపానునందును, మరుసటి ఏడు అమెరికాయందును వాడుకలోనికి వచ్చినది.

వచ్చిన క్రొత్తలో అది వైద్యులకు ఒక చిక్కుముడి. పదిమందికి ఇచ్చినచో ఒకరికో ఇద్దరికో అద్భుతముగా పనిచేయును. తక్కినవారికి ఏమియు జరుగదు. బాగుపడినవారిలో పొగత్రాగనివారు, స్త్రీలు, ఆసియావారు ఎక్కువ. కారణము 2004లో బోస్టనునందలి రెండు పరిశోధక బృందములు ఇంచుమించు ఒకేసారి కనిపెట్టినవి: గ్రాహకపు జన్యువులో ఒక ప్రత్యేకమైన మార్పు ఉన్నవారికే ఈ మందు. 2009లో ఆసియా దేశములందు 1,217మందిపై జరిగిన పరీక్ష సంగతిని పూర్తిగా తేల్చినది. ఆ మార్పు ఉన్నవారికి గెఫిటినిబ్ పాత మందులకంటె మేలు చేసినది. మార్పు లేనివారికి మేలు చేయకపోవుటయే కాదు, పాత మందు మానిపించి దీనినిచ్చుట వారికి కీడు చేసినది.

నల్లగొండ జిల్లావారికి ఈ సంగతి వివరింపనక్కరలేదు. ఒకే ఊరిలో ఒక బావి నీరు త్రాగుటకు తగును. మరియొక బావి నీటిలో ఫ్లోరైడు మెండుగా ఉండి పిల్లల కాళ్ళను వంకరలు త్రిప్పును. రెండును తేటగానే ఉండును. సీసాలో పట్టి పరీక్షించిననే గాని భేదము తెలియదు. కాన్సరు గడ్డయు అట్లే. పైకి ఒకేవిధముగా కనిపించు రెండు గడ్డలలో ఒకదానికి ఈ మాత్ర అమృతము, మరియొకదానికి వ్యర్థము. మన దేశమునందు ఊపిరితిత్తుల కాన్సరులో ఎడినోకార్సినోమా అను రకము కలవారిలో సుమారు నాలుగవవంతునుండి మూడవవంతువరకు ఈ మార్పు కనిపించుచున్నది. ఎన్నడును బీడీ ముట్టనివారు, వంటయింటి పొగతప్ప వేరు పొగ ఎరుగని స్త్రీలు కూడ వీరిలో కలరు. ఈ వ్యాధి వచ్చినవారందరును పొగత్రాగినవారేయని అనుకొనుట మన సంఘములో ఇంకను పోలేదు. అందువలన కొందరు గృహిణులు రోగముతోపాటు అపవాదును కూడ మోయవలసివచ్చుచున్నది.

ఇట్టి మాత్ర ఉన్నదనుట ఒకటి, అది చిట్యాలలోని ఒక కుటుంబమునకు అందుట మరియొకటి. ఈ అంతరమును తగ్గించుటలో మన ప్రాంతపు పాత్రను చెప్పకుండుట న్యాయము కాదు. 1981లో స్థాపింపబడిన నాట్కో సంస్థకు పాత మహబూబునగరు జిల్లాలోని కొత్తూరునందు కర్మాగారము కలదు. 2016లో జిల్లాలను విభజించినపుడు కొత్తూరు రంగారెడ్డి జిల్లాలోనికి పోయినది. రక్తపు కాన్సరుకు వాడు ఇమాటినిబ్‌ను ఈ సంస్థ 2003లో అగ్గువ ధరకు తెచ్చినది. గెఫిటినిబ్‌పై పేటెంటు కావలెనని ఆస్ట్రాజెనెకా కోరగా నాట్కో అభ్యంతరము తెలిపినది. పేటెంటు కార్యాలయము 2007లో ఆ కోరికను త్రోసిపుచ్చినది, 2012లో అప్పీలు కూడ నిలువలేదు. ఆ 2012లోనే మార్చి 9వ తేదీన, కాలేయ, మూత్రపిండ కాన్సరులకు వాడు సొరాఫెనిబ్‌ను తయారుచేయుటకు నాట్కోకు నిర్బంధ అనుమతి లభించినది. మన దేశములో అట్టి అనుమతి అదియే మొదటిది. నెలకు 2 లక్షల 80 వేల రూపాయలకు మించిన మందు 9 వేల రూపాయల లోపునకు దిగివచ్చినది. ఇందు వ్యాపార లాభము లేదని మేము అనము. అన్ని పక్షములకును లాభమే గురి. కాని ఆ పోరులో గెలుపు ఎవరిదైనను దాని ఫలము మందుల దుకాణము ముందు నిలుచున్నవానికి తగిలినదన్న మాట నిజము.

ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రివారు ముదిరిన వ్యాధికల 350మంది రోగులపై జరిపి 2020లో ప్రకటించిన పరీక్ష ఒకటి ఇచట చెప్పదగినది. సగముమందికి గెఫిటినిబ్ మాత్రమే. తక్కినవారికి దానితోపాటు పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్. వ్యాధి పెరుగకుండ ఆగిన కాలము మొదటివారిలో 8 నెలలు, రెండవవారిలో 16 నెలలు. బాధలు కూడ రెండవవారికే ఎక్కువ. సుబ్బారావుగారి వంశపు మందు, గురిచూచి కొట్టు క్రొత్త మందు, రెండును ఒకే రోగియందు కలిసి పనిచేయుట చూచినప్పుడు మాకు కొంత గర్వము కలిగినదని చెప్పుటకు సంకోచింపము.

ఇప్పుడు తొలిదశ రోగులవద్దకు వత్తము. గెఫిటినిబ్ తరువాతి తరమునకు చెందిన ఒసిమెర్టినిబ్‌ను మొదట కత్తికి తరువాత ఇచ్చి చూచిరి. జన్యువులో మార్పు ఉండి, శస్త్రచికిత్స పూర్తియైన 682మంది ఆ పరీక్షలో చేరిరి, మందు మూడేండ్లు. 2020లో వచ్చిన తొలి ఫలితములు ఎంత స్పష్టముగా ఉండెననగా, పర్యవేక్షకులు అనుకొన్న గడువుకంటె రెండేండ్లు ముందే వాటిని బయటపెట్టించిరి. 2023లో ప్రాణముల లెక్క వచ్చినది. అయిదేండ్లకు మందు వాడినవారిలో నూటికి 88మంది, వాడనివారిలో 78మంది జీవించియుండిరి.

తరువాత ఇంత మేలు చేసిన మందు ముందిచ్చినచో మరింత మేలు చేయదా? ఇచట తొందరపడరాదు. తొలిదశ రోగి చేతిలో ఉన్నది ఒకే అవకాశము. నేడు కోయగలిగిన గడ్డ, మందు పారక మూడునెలలు గడచినచో కోయరాని గడ్డ కావచ్చును. ముదిరిన రోగిపై క్రొత్త మందు పరీక్షించుటలో లేని భయము ఇందు కలదు. కావుననే దీనిని ఒక వైద్యుని అభిప్రాయమునకు వదలక, ఎవరికి ఏది అన్నది చీటీలు వేసినట్లు నిర్ణయించి, లెక్కకట్టి పరీక్షింపవలసివచ్చినది.

ముందిచ్చుటలో ఒక సౌకర్యము కూడ కలదు; మా దృష్టిలో ఈ విషయమంతటికి ఇదియే కీలకము. కత్తి తరువాత ఇచ్చు మందు పారినదో లేదో తెలియవలెనన్న ఏండ్లతరబడి వేచియుండవలెను. కొట్టవలసిన కణములు కంటికి కనిపింపవు. ముందిచ్చినచో, మందు తగిలిన గడ్డయే శస్త్రచికిత్సలో బయటికి వచ్చును. దానిని పలుచని పొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శిని క్రింద ఉంచి, బ్రతికియున్న కణములెన్ని, చచ్చిన కణములెన్ని అని లెక్కింపవచ్చును. గడ్డ ఉన్నచోట నూటికి పదిపాళ్ళకు మించి బ్రతికిన కణములు లేనియెడల మందు బాగుగా పారినదని లెక్క. ఒక్కటియు మిగులనిచో సంపూర్ణ విజయము. మందును మెచ్చుకొనునది రోగియు కాదు, కంపెనీయు కాదు. కోసి తీసిన ఆ కండయే సాక్షి.

చైనాలో 72మంది రోగులకు ఎర్లోటినిబ్‌తో చేసిన ఇట్టి పరీక్ష 2019లో వెలువడినది. ఆరువారములు మాత్రలిచ్చి, పిమ్మట కోసి చూచిరి. గడ్డలు పాత మందులకంటె ఎక్కువగా క్రుంగినవి; సాక్షి మాత్రము అంత అనుకూలముగా పలుకలేదు. బాగుగా పారినవారు నూటికి 10మందికి లోపే. సంపూర్ణ విజయము ఒక్కరియందును లేదు. ఆయువులో కూడ భేదము చివరకు నిలువలేదు. 2022లో రోగి స్వంత రక్షణశక్తిని మేల్కొలుపు నివోలుమాబ్ అను మందును పాత మందులతో కలిపి కత్తికి ముందు ఇవ్వగా, నూటికి 24మందిలో గడ్డ పూర్తిగా నిర్మూలమైనదని తేలినది. గొప్ప వార్తయే. కాని ఈ.జి.ఎఫ్.ఆర్. మార్పు ఉన్నదని తెలిసినవారిని ఆ పరీక్షలో చేర్చుకొనలేదు. అట్టి మందు వారికి సాధారణముగా పారదు. వారి దారి వారే వెదకికొనవలసియుండెను.

ఆ దారిలో వేసిన పెద్ద అడుగు నియోఅడారా అను పరీక్ష. 358మంది రోగులు, మూడు వర్గములు. ఒక వర్గమునకు పాత మందులు, ఒకదానికి ఒసిమెర్టినిబ్ మాత్రమే, ఒకదానికి రెండును. 2025లో ఫలితములు వచ్చినవి. మందు బాగుగా పారినవారు పాత మందుల వర్గములో నూటికి 2. ఒసిమెర్టినిబ్ మాత్రమే వాడినవారిలో 25. రెండును వాడినవారిలో 26. మూడు వర్గములందును పదింట ఇంచుమించు తొమ్మిదిమందికి శస్త్రచికిత్స జరిగినది. మాత్రలు వాడుచు వేచినందున కత్తి అవకాశము జారిపోవునన్న భయము నిజము కాలేదు. ఇది ఊరట.

అయినను చప్పట్లు కొట్టుటకు ముందు రెండవ వరుస అంకెలను చూడవలెను. గడ్డ పూర్తిగా నిర్మూలమైనవారు నూటికి 4, 9 మాత్రమే. అనగా ఈ మాత్ర కాన్సరు కణములను పెక్కింటిని అణచును, నిద్రపుచ్చును. వేరుతో పెరుకుట అరుదు. అందుచే శస్త్రచికిత్స తరువాత కూడ మాత్రను కొనసాగింపవలసియున్నది. మరి తరువాత ఎట్లును ఇచ్చు మందే అయినప్పుడు ముందుకూడ ఇచ్చుటచే ఆయువు పెరుగునా? రొమ్ము కాన్సరు పరీక్ష నేర్పిన పాఠము ఇచట అడ్డుతగులుచున్నది. పండ్రెండు నెలలకు వ్యాధి తిరుగబెట్టక, పెరుగక ఉన్నవారు మాత్ర వాడిన రెండు వర్గములలో నూటికి 93, 95. పాత మందుల వర్గములో 83. ప్రాణముల లెక్క తేలుటకు ఇంకను కాలము పట్టును. మా అభిప్రాయము అడిగినచో, గడ్డ పెద్దదై, ప్రక్కనున్న గ్రంథులకు ప్రాకి, కోయుట కష్టమని శస్త్రవైద్యుడు వెనుకాడు రోగికి ఇది మంచి ఆసరా; చిన్న గడ్డ ఉండి రేపే కోయదగినవానిని దీనికై ఆపుటకు తగినంత బలము ఈ అంకెలలో ఇంకను లేదు.

ఈ అంకెలకును చిట్యాలకును నడుమ దూరము ఎంత? రహదారి లెక్కలో హైదరాబాదు సుమారు 80 కిలోమీటర్లు. మెహదీ నవాజ్ జంగ్ గారి పూనికతో 1955లో వెలసిన కాన్సరు ఆసుపత్రి రెడ్‌హిల్స్‌లో కలదు, నిమ్స్ కలదు, బీబీనగరులో ఎయిమ్స్ కలదు. ఆరోగ్యశ్రీ పథకమును 2007 ఏప్రిల్ 1న మొదట ప్రవేశపెట్టిన మూడు జిల్లాలలో మహబూబునగరు ఒకటి. 2024 జూలై బడ్జెటులో ఒసిమెర్టినిబ్‌పై దిగుమతి సుంకమును కేంద్రప్రభుత్వము తీసివేసినది. అయినను అది సామాన్యునికి భారమైన మందే. కాని అసలు దూరము ధరలో లేదు, కాలములో కలదు. మన పల్లెలలో విడువని దగ్గు అనగానే క్షయ అని తలంచుట వాడుక. క్షయ మెండుగా ఉన్న దేశములో అది తప్పని అనలేము. ఎక్స్‌రేలో మచ్చ కనిపించును, కఫములో క్షయ క్రిములు లేకున్నను క్షయమందులు మొదలగును, నెలలు గడచును. తొలిదశ ఆ నెలలలోనే దాటిపోవును. క్షయమందు సక్రమముగా వాడినను మచ్చ తగ్గనిచో, కఫములో క్రిములే దొరకనిచో, సీ.టీ. స్కాను తీయించి ఆ మచ్చనుండి చిన్న ముక్క తీసి పరీక్షింపవలెనని వైద్యుని అడుగుటకు కుటుంబము జంకరాదు.

ఆ ముక్కను ఆసుపత్రివారు మైనపు దిమ్మలో భద్రపరతురు. జన్యువులో మార్పు ఉన్నదో లేదో చెప్పగలిగినది ఆ దిమ్మయే. రోగులు ఒక ఆసుపత్రినుండి మరియొక ఆసుపత్రికి పోవునపుడు కాగితములు, స్కాను చిత్రములు సంచిలో పెట్టుకొని పోవుదురు. దిమ్మ మాత్రము మొదటిచోటనే ఉండిపోవును. రెండవచోట మరల సూది గ్రుచ్చి ముక్క తీయవలసివచ్చును. మరి రెండు వారములు గడచును. దిమ్మ రోగికొరకు దాచబడినదే. వ్రాతమూలకముగా అడిగినచో ఇత్తురు. దానిని ఎండ తగులని చోట, డబ్బాలో, పేరు, తేదీ, పరీక్షసంఖ్య వ్రాసియున్న చీటీతోసహా తీసికొనిపోవలెను.